మసలకుండానే పోయే నీళ్లు

కదిరి నుంచి మదనపల్లె పోయే దారిలో తనకల్లు. 2022 ఏప్రిల్ దాకా అనంతపురం జిల్లా, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా. జిల్లా పేరు మారింది గానీ వాన లెక్క మారలేదు. ఉమ్మడి జిల్లాలో ఏడాదికి సగటున కురిసేది 552 మిల్లీమీటర్లు. అదే నేల మీద నీళ్లు మూత లేకుండా పెడితే, ఎండా గాలీ కలిసి ఏడాదిలో దానికి మూడింతల దాకా తీసుకుపోగలవు. కరువు మాట ఎత్తితే మనం రాని వాన గురించే మాట్లాడతాం. వచ్చిన వాన ఏ దారిన తిరిగి పోతోందో అడిగేవాళ్లు తక్కువ. నాకు ఆ రెండో ప్రశ్నే పెద్దదనిపిస్తుంది.

కింది ఇద్దరూ నేను కల్పించిన మనుషులు. మామ బస్టాండు దగ్గర టీ అంగడి నడుపుతాడు. ఊరి బయట మూడెకరాల చేను ఉంది, అందులో ఒక ఎకరం టమోటా. మేనకోడలు హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ టీచర్. చేలో నీటికుంట తవ్వించాలని మామ నిర్ణయించుకున్నాడు. ఎట్లా తవ్వాలన్న దగ్గర వచ్చింది పేచీ.

మామ: జేసీబీ వాణ్ని రమ్మని చెప్పినా పాపా. లోతు ఒక మీటరు చాలు, వెడల్పు మాత్రం బాగా తియ్యమన్నా. కిందికి పోయేకొద్దీ రాయి తగుల్తాది, గంటల లెక్క పెరుగుతాది. వెడల్పులో పట్టినా లోతులో పట్టినా నీళ్లు నీళ్లే కదా.

మేనకోడలు: పట్టేటప్పుడు ఒకటే మామా. నిలబడేటప్పుడు ఒకటి కాదు. కుంటలో నీళ్లు ఇగిరేది పైభాగం నుంచే. నువ్వు ఆ పైభాగాన్నే పెద్దది చేస్తున్నావు.

మామ: ఇగిరే సంగతి నాకు చెప్తావా! పొద్దు పొడవకముందు నుంచి పొయ్యి దగ్గరే కదా నా బతుకు. నీళ్లు ఆవిరి కావాలంటే వేడి కావాల. స్టవ్ మీద పెడితే గంటలో అవుతాది, ఎండలో పెడితే వారం పడతాది. ఎండ అంటే సన్నమంట పొయ్యి, అంతే. ఇంత మంటకు ఇన్ని నీళ్లు పోతాయి. గిన్నె వెడల్పుదా ఇరుకుదా అని పొయ్యి అడగదు.

మేనకోడలు: నీ మాటలో సగం గట్టిది, దాని దగ్గరికి వస్తా. ముందు రెండో సగం చూద్దాం. నీ అంగట్లో మూలన మట్టికుండ ఉంది కదా, దాని కింద పొయ్యి లేదు, మీద ఎండ పడదు. అయినా దాని ఒళ్లు ఎప్పుడూ తడిగా ఉంటుంది, నీళ్లు రోజూ కొంచెం తగ్గుతాయి. పైగా లోపలి నీళ్లు చల్లబడతాయి. పొయ్యి మీద నీళ్లు ఆవిరైతే ఎప్పుడన్నా చల్లబడినాయా?

మామ: కుండ గుణం అది. మట్టికి చలవ.

మేనకోడలు: మట్టికి చలవ ఉంటే శ్రావణంలో ముసురు పట్టినప్పుడు కూడా అంతే చల్లగా ఉండాలి. ఉండవు కదా. మే నెలలో, ఒళ్లు పగిలే పొడి గాలిలోనే కుండ నీళ్లు బాగుంటాయి. అదే కుండను నెల్లూరు తీసుకుపో, సముద్రం గాలికి సగం కూడా చల్లబడవు. నీటిలో అణువులన్నీ ఒకే వేగంతో తిరగవు మామా. కొన్ని నెమ్మది, కొన్ని చాలా దురుసు. పైపొరలో ఉన్న దురుసువి పక్క అణువుల పట్టు విడిపించుకుని గాలిలోకి ఎగిరిపోతాయి. ఆ దురుసు అణువులు పోతే మిగిలినవి ఏమవుతాయి? సగటు తగ్గుతుంది, నీళ్లు చల్లబడతాయి. దీనికి నూరు డిగ్రీలు అక్కర్లేదు. ముప్పై డిగ్రీల దగ్గరా జరుగుతుంది, పదిహేను డిగ్రీల దగ్గరా జరుగుతుంది. పొడి గాలిలో కొలత చెప్తా విను. గాలి 40 డిగ్రీలుండి తేమ 20 శాతం ఉంటే, తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు 22, 23 దాకా దిగుతుంది. అదే 35 డిగ్రీల గాలిలో 75 శాతం తేమ ఉంటే 31 దగ్గరే ఆగిపోతుంది.

మామ: సరే, ఎగురుతాయి. మరి మసలడం కూడా అదే కదా? కొన్ని ఎగిరితే ఇగరడం, ఎక్కువ ఎగిరితే మసలడం.

మేనకోడలు: కాదు. ఎసురు పెట్టినప్పుడు చూడు. మొదట గిన్నె గోడలకు సన్నని బుడగలు అంటుకుంటాయి. అవి ఆవిరి కావు, నీళ్లలో కరిగి ఉన్న గాలి బయటికి వస్తోంది. కాసేపటికి అడుగున ఆవిరి బుడగలు పుడతాయి గానీ పైకి రాకముందే నలిగి మాయమవుతాయి, గుయ్యిమని చప్పుడొచ్చేది అప్పుడే. బుడగలోపలి ఆవిరి బయటికి నెట్టే బలం, పైనున్న గాలి అదిమే బలంతో సమానమైన క్షణాన బుడగ నిలబడుతుంది. అప్పుడు నీళ్లు పైపొరలోనే కాదు, ఒళ్లంతా ఆవిరి అవుతాయి. అదీ మసలడం. గాలి అదుము తగ్గితే తక్కువ వేడికే మసులుతాయి. కదిరి సముద్రమట్టానికి దాదాపు 500 మీటర్ల ఎత్తు, మదనపల్లె దాదాపు 700. మనం మధ్యలో ఉన్నాం. 300 మీటర్లకు ఒక డిగ్రీ చొప్పున తగ్గుతుంది, కాబట్టి నీ అంగట్లో నీళ్లు 98 దగ్గరే మసులుతున్నాయి. లడఖ్‌లో లేహ్ పట్నంలో 88. ఎవరెస్టు మీదైతే 70 దగ్గరే తెర్లుతాయి, పప్పు మాత్రం ఉడకదు. ప్రెషర్ కుక్కర్ దీనికి తలకిందులు. అదుము పెంచి నీటిని 120 దాకా మసలనివ్వదు. 1679లో డెనిస్ పాపిన్ కనిపెట్టిన పాత్ర ఇప్పుడు ఇంటింటా ఉంది.

మామ: మూత లేని గిన్నెలో నీళ్ల వేడి నూరు దాటదంటావు. మరి బెల్లం పాకం? నీళ్లు పడితే చెయ్యి ఎర్రబడుతుంది, పాకం పడితే తోలు ఊడుతుంది. అది నూరుకు మించి కాగినట్టే కదా!

మేనకోడలు: మించే కాగుతుంది. అంటుకుని ఊడిరాదు కాబట్టి ఇంకా ఎక్కువ కాలుస్తుంది. పాకంలో పంచదార అణువులు నీటి అణువులను ఎగరనివ్వవు. అవి ఎగరాలంటే ఇంకా వేడి కావాలి. నీళ్లు పోయేకొద్దీ పాకం చిక్కబడుతుంది, మసిలే వేడి పెరుగుతూ పోతుంది. అచ్చుల్లో పోసే బెల్లం దించేనాటికి 118 డిగ్రీల ప్రాంతంలో ఉంటుంది. ఉండపాకమా, తీగపాకమా అని వేళ్లతో చూస్తారే, అదంతా ఎంత నీరు పోయిందో కొలవడమే.

ఈ ప్రశ్నను మేనకోడలు ఇంత తొందరగా దాటేయకుండా ఉండాల్సింది. బెల్లం గానుగ దగ్గర పెనం ముందు నిలబడే మనిషి థర్మామీటరు చూడడు. నురగ తీరు చూసి, తీగ సాగే పొడవు చూసి, రెండు డిగ్రీల తేడా పట్టేస్తాడు. పాఠ్యపుస్తకంలో ద్రావణాల మరిగే స్థానం గురించి చదివే పిల్లలకు ఆ మనిషిని ఒక్కసారి చూపిస్తే పాఠం సగం అయిపోతుంది. కానీ మామ ఆగేటట్టు లేడు.

మామ: ఇంకొకటి. మసిలినాక నేను మంట పెంచుతా, టీ తొందరగా అవుతాదని.

మేనకోడలు: తొందరగా కాదు మామా, తొందరగా ఇగురుతుంది. మసలడం మొదలైనాక వేడి 98 దగ్గరే నిలబడిపోతుంది. నువ్వు పెంచిన మంటంతా నీళ్లను ఆవిరి చేయడానికే పోతుంది. పప్పు కుండ కింద కూడా అంతే. ఇప్పుడు నీ గట్టి సగం దగ్గరికి వచ్చినాం. ముప్పై డిగ్రీల నీళ్లు గ్రాము తీసుకో. 98 దాకా కాచడానికి 68 కేలరీలు. ఆ 98 డిగ్రీల నీటినే 98 డిగ్రీల ఆవిరి చేయడానికి 540 కేలరీలు. వేడి పెరగదు, ఖర్చు మాత్రం ఎనిమిదింతలు. దీన్ని గుప్తోష్ణం అంటాం. 1760లలో స్కాట్లండులో, గ్లాస్గోలో, జోసెఫ్ బ్లాక్ అనే ఆచార్యుడు పట్టుకున్నాడు దీన్ని. పెద్ద యంత్రాలతో కాదు. రేకు గిన్నెలో నీళ్లు పొయ్యి మీద పెట్టి, మసలడానికి ఎంతసేపు, పూర్తిగా ఇగరడానికి ఎంతసేపు అని గడియారం చూశాడు. నువ్వూ చూడొచ్చు. పది నిమిషాల్లో మసిలితే, అదే మంట మీద అంతా ఇగరడానికి ఇంకో గంటా ఇరవై నిమిషాలు పడుతుంది. లీటరు నీళ్లు ఊరికే ఇగరబెట్టినావంటే దాదాపు 75 గ్రాముల గ్యాసు కాలినట్టు.

మామ: అమ్మో, అంత గ్యాసా! ఇంకేంది మరి, నేను చెప్పిందే గెలిచె. వేడి లేకుండా ఆవిరి లేదు. కుంటలో నీళ్లకు కూడా ఎవరో ఒకరు ఆ వేడి కట్టాల్సిందే కదా.

మేనకోడలు: కట్టాల్సిందే. మసిలినా, ఊరికే ఇగిరినా ఆ లెక్క తప్పదు. మామూలు వేడి దగ్గర అయితే గ్రాముకు 580 కేలరీలు, ఇంకాస్త ఎక్కువే. ఆ మాటలో నువ్వే గెలిచినావు.

మామ: ఎవరు కడతారు? ఎండ. నేను చెప్పినట్టే, ఎండే పొయ్యి.

మేనకోడలు: అయితే ఆ పొయ్యిని కొలుద్దాం. ఎన్.పి.కుంటలో సోలార్ పార్కు అంత పెద్దది ఎందుకు పెట్టినారు? మన ఎండ అట్లాంటిది. చదరపు మీటరు మీద రోజుకు సగటున అయిదారు యూనిట్ల శక్తి పడుతుంది. లీటరు నీళ్లు ఇగరడానికి కావాల్సింది యూనిట్లో మూడింట రెండు వంతులు. అంటే ఆ మీటరు మీద పడే ఎండంతా నీళ్లకే చేరితే రోజుకు ఎనిమిది లీటర్లు పోవచ్చు, ఎనిమిది మిల్లీమీటర్ల మందం. ఇప్పుడు చెప్పు, ఎండ అనే ఈ పొయ్యి మంట ఎంత?

మామ: ఇప్పుడే చెప్తివి కదా. మీటరుకు…

మేనకోడలు: అదే. మీటరుకు ఇంత. నీ స్టవ్‌కు బర్నరు ఒకటే, గిన్నె మారినా మంట మారదు. ఎండకు అట్లాంటి బర్నరు లేదు. నువ్వు కుంటను వెడల్పు చేసిన కొద్దీ పొయ్యి కూడా పెద్దదవుతుంది. నీ మాటనే పట్టుకుని చెప్తున్నా.

మామ ఇక్కడ కాసేపు మాట్లాడలేదనే రాస్తాను. నిజంగా ఎండ ఎక్కిన చేలో నిలబడి ఆలోచించే రైతుకు ఈ ఒక్క మాట చాలు. మిగిలిన లెక్కలన్నీ దీని వెనకే వస్తాయి.

మామ: సరే, పగటి సంగతి అది. రాత్రికి ఆగుతాది కదా? సగం రోజు మనదే.

మేనకోడలు: మే నెల రాత్రి దండెం మీద వేసిన చీర తెల్లారేసరికి ఎట్లా ఆరుతుంది? నీళ్లు పగలంతా తాగిన వేడిని రాత్రి ఖర్చు చేసుకుంటాయి. గాలి కూడా ఉంది. ఎగిరిన అణువులన్నీ పోవు మామా, కొన్ని తిరిగి నీళ్లలోకే పడతాయి. నీటి మీద గాలి కదలకుండా ఉంటే అది తేమతో నిండిపోయి, పోయేవీ వచ్చేవీ దాదాపు సమానం అవుతాయి. గాలి వీచిందా, ఆ తడిగాలిని తోసేసి పొడిగాలి వచ్చి కూర్చుంటుంది. అప్పుడు ఎగిరినవి వెనక్కి రావు. జాన్ డాల్టన్ 1802లోనే ఇది రాశాడు. నీటి దగ్గరి ఆవిరి బలానికీ గాలిలో ఉన్న తేమ బలానికీ ఎంత తేడా ఉంటే అంత ఇగురుతుంది, గాలి వేగాన్ని బట్టి ఇంకా పెరుగుతుంది. ఆషాఢంలో మబ్బు పట్టి వాన రాకుండా, హోరుమని పడమటి గాలి తోలుతుందే, ఆ రోజుల్లో ఎండ లేకున్నా కుంటలు తగ్గేది అందుకే.

మామ: అది నిజం. ఆషాఢం గాలికి బురద కూడా నెర్రెలిస్తాది.

మేనకోడలు: వాతావరణ శాఖ దీన్ని కొలిచే గిన్నె కూడా ఉంది. నాలుగడుగుల వ్యాసం, పది అంగుళాల లోతు. నీళ్లు పోసి, పక్షులు తాగకుండా వల కప్పి, రోజూ పొద్దున ఎంత తగ్గిందో చూస్తారు. చిన్న గిన్నె తొందరగా కాగుతుంది కాబట్టి, చెరువుకైతే ఆ అంకెలో సుమారు ఏడు పదోవంతులు లెక్క వేస్తారు. మన కుంటకు సగటున రోజుకు ఆరు మిల్లీమీటర్లు అనుకుందాం. నువ్వు తవ్వేది మూడు లక్షల లీటర్ల కుంట. మీటరు లోతైతే మూడొందల చదరపు మీటర్లు. మూడు మీటర్ల లోతైతే వంద. వంద రోజులకు రెండింట్లోనూ తగ్గేది అరవై సెంటీమీటర్లే, లోతైన కుంట అని తక్కువ తగ్గదు. కానీ వెడల్పు కుంటలో ఆ అరవై సెంటీమీటర్లు అంటే లక్షా ఎనభై వేల లీటర్లు. లోతు కుంటలో అరవై వేలు. లోతు కుంటలో రెండు లక్షల నలభై వేలు మిగిలితే, నీ కుంటలో లక్షా ఇరవై వేలు. నీ ఎకరం టమోటాకు డ్రిప్పు మీద రోజుకు పదహారు వేల లీటర్లు అనుకున్నా, ఆ తేడా వారం రోజుల తడి. కాయ ఊరే వారం అదే అయితే?

మామ: కాగితం మీద బాగుంది. నిలువు గోడల కుంట యాడన్నా నిలబడుతుందా? వాలు పెట్టకపోతే మొదటి వానకే కట్ట కూలుతాది. వాలు పెడితే పైన వెడల్పు అవుతాది. నీ వంద మీటర్లు నూటయాభై అవుతాయి.

మేనకోడలు: అవుతాయి. లెక్క కొంచెం మారుతుంది, దారి మారదు.

మామ: ఇంకొకటి అడుగుతా. బుక్కపట్నం చెరువు చూసినావు కదా, విజయనగరం రాజుల కాలం నాటిది. కంటికి ఆనదు దాని వెడల్పు. అంత తెలివి లేకనే కట్టినారా వాళ్లు?

మేనకోడలు: తెలివి ఉండే కట్టినారు. వాళ్ల పని వేరు. రెండు గుట్టల మధ్య మట్టికట్ట వేసి, వాననీళ్లు ఆపి, వెంటనే కింద వరి పెట్టించినారు. చెరువు నీళ్లు ఎండాకాలం దాకా దాచుకోవడానికి కాదు. నిండినప్పుడు తడుపుకోవడానికి, మిగిలింది ఇంకి దిగువ బావుల్లోకి రావడానికి. దాచుకోవాల్సిన నీళ్లకు మన పెద్దలు ఏం చేసినారో కూడా చూడు. మీ తాత తవ్విన బావి! ఇరుకు, లోతు. ఎండ అడుగు దాకా పోదు, గాలి లోపల తిరగదు, నీటి మీద ఉన్న గాలి ఎప్పుడూ తేమతోనే ఉంటుంది. ఇగరడానికి కావాల్సిన మూడూ అక్కడ లేవు. ఇంకిన నీళ్లను దొంగలు ఎత్తుకుపోరు మామా, బోరుకో బావికో వస్తాయి. ఎగిరినవి మాత్రం మన చేనికి తిరిగి రావు.

మామ: మరి వెడల్పుగానే తవ్వి మీద ఏదన్నా కప్పితే?

మేనకోడలు: అది సరైన ఆలోచనే, చాలామంది చేసినారు. 2017 ఏప్రిల్‌లో తమిళనాడులో వైగై డ్యాం నీటి మీద థర్మోకోల్ అట్టలు పరిచినారు. ఎండను ఆపాలనుకున్నారు, గాలిని లెక్క వేయలేదు. అట్టలు ఒడ్డుకు కొట్టుకొచ్చినాయి. లాస్ ఏంజిల్స్‌లో 2015లో ఒక రిజర్వాయరు మీద 9 కోట్ల 60 లక్షల నల్లబంతులు వదిలినారు. నీరు చెడకుండా ఉండడం ముఖ్య కారణం, ఇగరడం తగ్గడం దానితో పాటు వచ్చింది. 1950లలో ఆస్ట్రేలియాలో మాన్స్‌ఫీల్డ్ అనే శాస్త్రవేత్త ఇంకో దారి చూసినాడు. సెటైల్ ఆల్కహాల్ అనే మైనం లాంటి పదార్థం నీటి మీద ఒక్క అణువు మందాన పరుచుకుంటుంది, అది అణువులను ఎగరనివ్వదు. గాలి లేని రోజున బాగా పనిచేస్తుంది. గాలి లేస్తే పొర చిరిగిపోతుంది. గుజరాత్‌లో 2012లో నర్మద కాలువ మీద సోలార్ పలకలు కప్పినారు. కరెంటూ వచ్చింది, నీడా వచ్చింది.

మామ: నాకు సోలార్ పలకలు ఎవరిస్తారు? కుంట చుట్టూ చెట్లు పెట్టుకుంటా, గాలన్నా ఆగుతాది.

మేనకోడలు: చెట్లు గాలి ఆపుతాయి, నీళ్లు తాగుతాయి. ఆకుల నుంచి కూడా నీళ్లు ఆవిరిగానే పోతాయి. గాలి వచ్చే పడమటి పక్కన కొంచెం దూరంలో ఒక వరస చాలు. టమోటా సాళ్లకు మల్చింగ్ షీటు కప్పుతావు కదా, అది ఎందుకు?

మామ: కలుపు రాకుండా.

మేనకోడలు: కలుపు సగం. తడి మన్ను నుంచి నీళ్లు ఎగరకుండా ఉండడం మిగతా సగం. నేల మీద అంత జాగ్రత్త చేసి, కుంట దగ్గర మాత్రం మీటరు లోతు చాలంటావు.

మామ: చాలని కాదు పాపా. రాయి. మన చేలో మీటరున్నరకు సుద్ద, దాని కింద రాయి. మూడు మీటర్లు అంటే కంప్రెసర్ తేవాల, మందు పెట్టాల. ఆ డబ్బుకు నీ వారం తడి సరిపోతాదా? ఏండ్లకేండ్లు లెక్క వేస్తే సరిపోతాదేమో, ఈ ఏడు మాత్రం నా చేతిలో లేదు.

మేనకోడలు: ఆ మాట నా మాటను తోసేస్తుంది, ఒప్పుకుంటా. అయితే అంతా లోతు వద్దు. మీటరున్నర దాకా జేసీబీ తీసినంత తియ్యి. కుంట ఒక మూలన మాత్రం నాలుగు మీటర్లు పొడవు, నాలుగు మీటర్లు వెడల్పు, ఎంత దిగగలిగితే అంత దింపు. పైన వెడల్పు నీళ్లను మొదట టమోటాకు పెట్టెయ్యి, దాచుకోవద్దు. అవి ఎట్లాగూ పోయే నీళ్లు. తగ్గేకొద్దీ నీళ్లన్నీ ఆ మూల గుంతలోకి దిగుతాయి. అప్పటికి ఎండకు కనపడే పైభాగం పదహారు మీటర్లే. ఆ గుంత మీద వెదురు తడికె వేసి కప్పొచ్చు. మొత్తం కుంట కప్పడం మన వల్ల కాదు, పదహారు మీటర్లు అవుతుంది.

మామ: మూల గుంతలో నీళ్లు ఇంకిపోతే?

మేనకోడలు: అడుగు రాయే కదా, ఇంకేది తక్కువ. పక్కలకు సిమెంటూ మన్నూ కలిపి మెత్తినా చాలు.

మామ: పడమటి మూలా, తూర్పు మూలా?

మేనకోడలు: నేల ఏ పక్కకు వాలు?

మామ: తూర్పుకు. బోరు కూడా ఆ పక్కనే ఉండాది.

మేనకోడలు: అయితే తూర్పు మూల. గాలి పడమట నుంచి వస్తుంది, తవ్విన మన్ను పడమటి కట్ట మీద ఎత్తుగా పోయించు, చెట్టు పెరిగే దాకా అదే అడ్డం. జేసీబీ అతనితో నేనూ మాట్లాడతా.

మామ: నువ్వు రా, మాట్లాడు. కంప్రెసర్ గంటకు ఎంత అంటాడో అది కూడా నువ్వే బేరం చెయ్యాల.